మెట్‌పల్లి కమ్మరి కొలిమి: బాపు గొడ్డలి మళ్ళీ పనిలోకి వచ్చింది

ఈ కొట్టుకు బోర్డు లేదు, ఫోన్ మ్యాపులో వెతికినా దొరకదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. జగిత్యాల జిల్లా మెట్‌పల్లి పాత ఊర్లోకి వెళ్ళి పొద్దున ఎనిమిదింటికి కాసేపు నిలబడితే సమ్మెట చప్పుడు వినబడుతుంది, ఆ చప్పుడు పట్టుకుని నడవడమే. పేర్లు రాయొద్దని ఆ ఇంటివాళ్ళు చెప్పారు కాబట్టి కమ్మరిని కాక అని, ఆయన భార్యను చిన్నమ్మ అనే రాస్తాను, నేను పిలిచేది కూడా అట్లనే.

నేను మూడు పనుల మీద వెళ్ళాను. బాపు, అంటే మా నాయిన, వాడిన గొడ్డలి మొండిబారి, అంచు ఒక మూల పెచ్చు లేచిపోయింది. రెండు కొడవళ్ళకు కక్కు, అంటే అంచు మీది పళ్ళు, అరిగిపోయింది. ఇంట్లోకి ఒక కత్తిపీట కావాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో తెప్పించినది తళతళ మెరిసిందే గానీ గుమ్మడికాయ పెట్టి గట్టిగా నొక్కేసరికి కత్తి పక్కకు వంగిపోయింది, అమ్మ చెయ్యి తెగేదే.

కాక గొడ్డలి తీసుకుని అంచు మీద గోరుతో గీసి చూశాడు, దాకలి (ఇనుప దిమ్మె) మీద ఒకసారి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మా నాయిన కొట్టిందే బిడ్డా, దీనికింక చానా ఆయుష్షు ఉంది, కొత్తది ఎందుకు దండుగ" అన్నాడు. గోడకు కొత్త గొడ్డళ్ళు నాలుగు వేలాడుతున్నాయి, ఒక్కోటి ఎనిమిది వందలు. పాతదాన్ని బాగు చేస్తే ఆయనకు వచ్చేది రెండు వందలే. ఆ ఒక్క మాటకే నాకు ఈ కొట్టు మీద నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత చూసింది మాత్రం నేను మర్చిపోలేను. కొలిమిలో బొగ్గులు ఎర్రగా అయ్యాక గొడ్డలి పెట్టి, ఇనుము కాగిందనుకున్నాక పట్టకారుతో తీసి దాకలి మీద పెట్టాడు. ఎదురుగా చిన్నమ్మ, చీర కొంగు నడుముకు దోపి, మణికట్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, సమ్మెట ఎత్తింది. కాక చిన్న సుత్తితో ఎక్కడ తడితే సరిగ్గా అక్కడే ఆమె సమ్మెట పడుతుంది. ఆయన ఇనుము కొంచెం తిప్పుతాడు, మళ్ళీ తడతాడు, మళ్ళీ అక్కడే దెబ్బ. సుత్తితో దాకలి మీద వట్టిగా ఒకసారి టక్కున కొడితే ఆపమని గుర్తు. అంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. దెబ్బ దెబ్బకు అంచు సాగుతూ పలచబడుతూ వచ్చింది, ఎరుపు తగ్గగానే మళ్ళీ కొలిమిలోకి, అట్లా ఆరుసార్లో ఏడుసార్లో.

అసలు పనితనం నీళ్ళ దగ్గర ఉంది. ఆకురాయితో అంచు సరిచేశాక మళ్ళీ ఎర్రగా కాల్చి, గొడ్డలి మొత్తం కాకుండా అంచు ఒక్కటే తొట్టిలో ముంచి బయటికి తీశాడు. ఒక రాయితో గబగబా అంచు మీద నలుపు రుద్దేసి, వెలుతురుకు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. వెనుక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే తెల్లటి ఇనుము మీద ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, దాని వెనుకే నీలం నడుచుకుంటూ వచ్చాయి. గోధుమ రంగు అంచును తాకగానే మొత్తం ముంచేశాడు. తొందరపడి ముందే ముంచితే అంచు గాజులాగా పెళుసై పెచ్చులు లేస్తుందట, నీలం అంచు దాకా వచ్చేదాకా ఆగితే మెత్తబడి రెండు రోజులకే మొండిదవుతుందట. ఆ మధ్యలో దొరికేది కొన్ని క్షణాలే. ఆయనకు గడియారం లేదు, ఉష్ణోగ్రత కొలిచే యంత్రం లేదు, కన్ను ఒక్కటే ఉంది.

కత్తిపీటకు మాత్రం కొత్త ఇనుము వాడలేదు, లారీ కమాను పట్టీ ముక్క తీసి సాగగొట్టాడు. బరువు మోసి మోసి ఉన్న పాత సామానే కదా అనుకోకండి, పదును నిలవాలంటే ఆ ఉక్కే మంచిది, మామూలు ఇనుప పట్టీ నీళ్ళలో ఎంత ముంచినా గట్టిపడదు. కానీ ఇది స్టెయిన్‌లెస్ కాదు, తడి తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు పడుతుంది, చుక్క నూనె రాసి పెట్టుకోవాలి.

పని నడుస్తుంటే కాసేపు తాతతో కూర్చున్నాను, అంటే కాక వాళ్ళ నాయిన, బాపు గొడ్డలి కొట్టిన మనిషి. ఆయన చిన్నప్పుడు కొలిమికి గాలి ఊదే తోలు తిత్తి లాగేవాడట, ఇప్పుడు దాని చోట కరెంటు బ్లోయర్ ఉంది. అప్పట్లో పైసల లెక్కే లేదు, ఏడాదంతా రైతుల నాగలి కర్రులు, కొడవళ్ళు బాగు చేసి పెడితే కల్లంలో మేర, అంటే పనికి బదులు వాటా గింజలు, కొలిచేవారు, ఇల్లు గడిచేది. ట్రాక్టర్లు వచ్చి కర్రు పని పోయింది, వరికోత మిషన్లు వచ్చి కొడవలి పని పోయింది. మిగిలింది కల్లు గీత కత్తులు, మటన్ కొట్టు కత్తులు, రాళ్ళు కొట్టేవాళ్ళ ఉలులు, పసుపు తవ్వే రోజుల్లో పలుగులు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవాళ్ళని ఆయన చెప్తుంటే మొదట ముచ్చట అనుకున్నా. ఇంటికొచ్చి చూస్తే నిజమే, 1832లో అచ్చయిన ఒక ఇంగ్లీషు వ్యాసంలో కూడా ఆ సంగతి ఉంది. పాతకాలంలో పేరుమోసిన డమాస్కస్ కత్తుల ఉక్కు రకం ఇక్కడి కొలుముల్లో తయారైందని ఆ పక్క ఊళ్ళలో పెరిగిన నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. బాధగా అనిపించింది.

చిన్నమ్మ సమ్మెట పట్టి ఆరేండ్లు. అంతకు ముందు పెద్దకొడుకు కొట్టేవాడు, సౌదీ పోయాడు, అక్కడ వెల్డింగ్ పని. నిప్పు పని చేతికి వచ్చినవాడే కాబట్టి తొందరగా నేర్చుకున్నాడని కాక గొప్పగా చెప్పాడు. కూలి మనిషిని పెట్టుకుంటే రోజుకు ఏడెనిమిది వందలు ఇవ్వాలి, కొట్టుకు అంత రాబడి లేదు, అందుకని ఆమే దిగింది. రాత్రిళ్ళు భుజానికి నూనె రాసుకుని పడుకుంటుందని కూతురు చెప్పింది, ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు. కూతురు డిగ్రీ చదువుతోంది, కాలేజీ లేని రోజు లెక్కలు, ఫోన్ పే అన్నీ తనే చూస్తుంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో కమ్మరం కూడా ఉందని కనుక్కుని నాయిన చేత దరఖాస్తు పెట్టించింది కూడా ఈ పిల్లే. శిక్షణకు వెళ్ళొచ్చాడు, పనిముట్లకు ఇచ్చే 15,000 రూపాయలతో గ్రైండర్ వచ్చింది. ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు వస్తుంది గానీ, బిడ్డ పెండ్లి ముందుంది, ఇప్పుడే అప్పు వద్దని కాక ఆగాడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. రెండు రోజుల్లో ఇస్తానన్నవి ఐదు రోజులకు ఇచ్చాడు, మధ్యలో కరెంటు పోయింది, ఒకరోజు అమావాస్య, ఆ రోజు కొలిమి ముట్టించరు. తొందర ఉంటే ముందే చెప్పండి. గొడ్డలికి కామ (కర్ర పిడి) పెట్టరు, దానికి వడ్రంగి దగ్గరికి వెళ్ళాల్సిందే. కూర్చోవడానికి ఒక్క బల్ల ఉంది, పొగ పడనివాళ్ళు బయట నిలబడాలి. గొడ్డలికి రెండు వందలు, కొడవళ్ళ కక్కు ఒక్కోటి యాభై, కత్తిపీట ఐదు వందల యాభై, మొత్తం ఎనిమిది వందల యాభై అయింది. దయచేసి బేరం ఆడకండి. ఆ ధరలో బొగ్గు, కరెంటు, రెండు ప్రాణాల చాకిరీ ఉన్నాయి.

నిన్న ఎండిన తుమ్మ మొద్దు ఒకటి ఆ గొడ్డలితోనే చీల్చాను, అంచు మీద చిన్న గాటు కూడా పడలేదు. పక్కింటివాళ్ళ పలుగులు రెండు ఉన్నాయి, వచ్చే వారం తీసుకెళ్ళాలి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వెళ్ళను. అది వాళ్ళ కొడుక్కి సెలవు. చిన్నమ్మ ఫోన్‌ను గోడకు ఆనించి పెడుతుంది, వాడు అక్కడి నుంచి కొలిమి చూపించమంటాడు.