వెనక కుంగిన వోల్వో వీ70కి స్ప్రింగులు, షాకులు: కొన్నేళ్లు నడిపాక

మా బండి 2004 మోడల్ వోల్వో వీ70 2.5టి స్టేషన్ వ్యాగన్. అయిదు సిలిండర్ల టర్బో ఇంజిను, 208 హార్స్‌పవర్. న్యూజెర్సీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజిను, గేర్‌బాక్సు భేషుగ్గా ఉన్నాయి. వెనక భాగం మాత్రం ఖాళీగా ఉన్నప్పుడే నిండా సామాను వేసినంత కిందికి ఉండేది. ఇక అమ్మానాన్నలు వచ్చినప్పుడు అయిదుగురం ఎక్కి, డిక్కీలో సూట్‌కేసులు సర్ది పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరితే చెప్పక్కర్లేదు. రాత్రి చిన్న రోడ్ల మీద ఎదురొచ్చేవాళ్లు మా హెడ్‌లైట్లు కళ్లలో పడి, తిరిగి మాకు లైట్లు కొట్టేవాళ్లు. వెనక టైర్లు లోపలి అంచున ముందే అరిగిపోయేవి. ఈ బండికి వెనక చక్రాలు దేనికదే విడిగా కదులుతాయి కాబట్టి, కుంగితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. అరుగుదల అక్కడినుంచే.

మొదట చూపించిన షాపువాళ్లు బంపర్ మీద రెండుసార్లు నొక్కి చూసి, "షాకులు (షాక్ అబ్జార్బర్లు) పోయాయి, మారిస్తే లేస్తుంది" అన్నారు. ఈ మాట చాలామంది అంటారు, చాలామంది నమ్ముతారు. బండి బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండిపోకుండా ఆపడం వరకే షాక్ పని. మామూలు గ్యాస్ షాక్‌ని విడిగా చేత్తో నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే మెల్లగా బయటికొస్తుంది. ఆ కాస్త తోపు బండిని కొన్ని మిల్లీమీటర్లు ఎత్తితే గొప్ప. స్ప్రింగ్ పాతబడితే మెత్తబడుతుందనేది ఇంకో నమ్మకం. ఉక్కు గట్టితనం ఏళ్లు గడిచినా దాదాపు అలాగే ఉంటుంది. తగ్గేది పొడవు. బరువు కింద నలిగి నలిగి స్ప్రింగ్ కొద్దికొద్దిగా పొట్టిదవుతుంది.

షాక్ బరువు మోయదు అన్నాను కదా, దీనికి ఒక మినహాయింపు ఉంది. నా బండి సంగతి సరిగ్గా అదే. వోల్వో వ్యాగన్లలో కొన్నింటికి సాక్స్ కంపెనీ తయారీ నివోమాట్ అనే షాకులు వచ్చేవి. చూడటానికి మామూలు షాక్ కంటే బాగా లావుగా ఉంటాయి. కంప్రెసర్ లేదు, వైరు లేదు. బండి కదులుతుంటే రోడ్డు ఎగుడుదిగుళ్లకు షాక్ పైకీ కిందికీ ఆడుతుంది కదా, ఆ కదలికతోనే లోపలి నూనెను తనే పంపు చేసుకుని ఒత్తిడి పెంచుకుంటుంది. అలా వెనక భాగం మెల్లగా లేచి సమంగా నిలుస్తుంది. సామాను వేయగానే కుంగినా, కాస్త దూరం నడిస్తే చాలు. అంటే బరువులో కొంత వాటా షాకే మోస్తుంది. అందుకని దాని పక్కన ఉండే స్ప్రింగ్‌ని ఫ్యాక్టరీలోనే మెత్తగా చేస్తారు.

చిక్కంతా ఇక్కడే. డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో వీఐఎన్ నంబరు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) చెప్పి అడిగితే, మా బండి నివోమాట్‌తో పుట్టిందని తేలింది. కింద దూరి చూస్తే ఉన్నవి సన్నటి మామూలు షాకులు. పాత ఓనరు ఎప్పుడో నివోమాట్ ధర చూసి చౌకవి వేయించాడు. స్ప్రింగులు మాత్రం ఆ మెత్తవే ఉండిపోయాయి. ఇక ఆ స్ప్రింగుల మీద ఎంత ఖరీదైన షాకులు వేసినా లాభం లేదు. అమెరికాలో మనవాళ్లు మినీవ్యాన్లు ఎక్కువ కొంటారు కాబట్టి చెబుతున్నా: క్రైస్లర్ మినీవ్యాన్లలో కూడా కొన్నింటికి నివోమాట్ వచ్చింది. పాతది కొంటుంటే ముందు వెనక షాకుల లావు చూడండి.

నా ముందు మూడు దారులు కనిపించాయి. మళ్లీ నివోమాట్ వేయడం ఒకటి. నడక పరంగా దీన్ని మించింది లేదు, కానీ జత ఖరీదు మామూలు షాకులకు మూడు నాలుగు రెట్లు పలికింది. ఆ వయసు బండికి అంత పెట్టబుద్ధి కాలేదు. రెండోది, నివోమాట్ లేని వీ70కి వచ్చే ఫ్యాక్టరీ కొలత స్ప్రింగులు, మామూలు షాకులు. ఈ కొలతలో స్వీడన్ కంపెనీ లెస్యోఫోర్స్ స్ప్రింగులు సులువుగా దొరుకుతాయి. మూడోది, అంతకంటే గట్టి హెవీ డ్యూటీ స్ప్రింగులు. కాయిల్ లోపల పెట్టి గాలి కొట్టే బ్యాగులు కూడా ఉన్నాయి. అప్పుడప్పుడు మాత్రమే బరువు లాగేవాళ్లకు అవి మంచివే, కానీ ప్రతిసారీ గాలి చూసుకునే ఓపిక నాకు లేదు.

హైదరాబాద్‌లో మా బావమరిది సీఎన్‌జీ కారుకి కాయిల్ చుట్ల మధ్య రబ్బరు బఫర్లు వేయించాడు. నాకూ అదే వేసుకోమన్నాడు. సిలిండర్ బరువు ఎప్పుడూ ఒకటే కాబట్టి అతనికి అది ఎలాగో నడిచిపోతుంది. నిజానికి బఫర్ చేసే పని ఒకటి రెండు చుట్లను కదలకుండా బిగించేయడం, ఆ భారం మిగతా చుట్ల మీద పడేయడం. ఉప్పు చల్లే రోడ్ల మీద ఇప్పటికే తుప్పు తిన్న స్ప్రింగ్‌కి ఆ శిక్ష వేయలేను.

నేను హెవీ డ్యూటీ స్ప్రింగులకే మొగ్గాను. పాతిక శాతం గట్టివని వాటి కాగితం మీద ఉంది. వినడానికి పెద్దగా ఉంటుంది, లెక్కేస్తే అంత ఉండదు. చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టితనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లు అనుకుందాం. వెనక చక్రాల మీద అదనంగా 200 కిలోలు పడితే ఒక్కో పక్క 100 కిలోలు, అంటే సుమారు 33 మిల్లీమీటర్లు కుంగుతుంది. పాతిక శాతం గట్టిదైతే 26 మిల్లీమీటర్లు. తేడా 7 మిల్లీమీటర్లే. కాబట్టి గట్టితనం శాతం చూసి మోసపోకండి. ఖాళీ బండిని స్ప్రింగ్ ఎంత ఎత్తులో నిలబెడుతుందో అది అడగండి. తీగ మందాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మిగతా కొలతలు మారకుండా తీగ పది శాతం లావైతే గట్టితనం 46 శాతం పెరుగుతుంది. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

షాకులు బిల్‌స్టీన్ కంపెనీవి, బి6 అనే గట్టి రకం. స్ప్రింగ్ గట్టిపడితే దాన్ని వెనక్కి లాగి ఆపే బలం షాక్‌కీ ఉండాలి. లేకపోతే గతుకు దాటాక బండి ఇంకో రెండు ఊపులు ఊగుతుంది. అదే కంపెనీ బి4 మెత్తగా హాయిగా ఉంటుంది గానీ, అది ఫ్యాక్టరీ కొలత స్ప్రింగులకు జోడీ. ముందువైపు కొత్త స్ట్రట్లు (ముందు చక్రాల షాకులు), ఫ్యాక్టరీ కొలత స్ప్రింగులు, పై మౌంట్లు, బేరింగులు అన్నీ ఒకేసారి మార్పించాను. స్ప్రింగ్, స్ట్రట్, మౌంట్ కలిపి బిగించిన రెడీమేడ్ సెట్లు చౌకగా వస్తాయి. వాటిలో చాలా మోడళ్లకు ఒకే స్ప్రింగ్ సరిపెడతారు, ఎత్తు తేడా వస్తుంది. ఎత్తు కోసమే ఇంత ఖర్చు పెడుతూ అలాంటివి కొనడం దండగ.

కొలిచే పద్ధతి ముఖ్యం. నేల నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవద్దు, టైరు గాలి, అరుగుదల అందులో కలిసిపోతాయి. చక్రం నడిబొడ్డు నుంచి అంచు దాకా కొలవాలి. చదును నేల మీద, సగం ట్యాంకు పెట్రోలుతో, బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి ఆపాక కొలవాలి. మా బండికి వెనక, ముందుకంటే దాదాపు 4 సెంటీమీటర్లు తక్కువ ఉండేది. పని అయ్యాక వెనక 5 దాకా లేచింది. ముందు స్ప్రింగులు కూడా కొత్తవి కావడంతో అక్కడ ఒక సెంటీమీటరు పెరిగింది. మొత్తమ్మీద సమంగా నిలిచింది. ముందు సంగతి లెక్కలోకి తీసుకోకుండా వెనకకు మాత్రమే కొలత చూసి కొంటే, చివరికి ఇంకా కుంగినట్టే కనిపిస్తుంది.

బిగించేటప్పుడు ఒక విషయంలో దగ్గరుండి పట్టుబట్టాను. వెనక ఆర్ముల (చక్రాన్ని బండికి కలిపే కడ్డీల) రబ్బరు బుష్‌ల బోల్టులను, చక్రాలు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేదంటే కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి, ఆ మెలితోనే బతుకంతా గడిపి తొందరగా చిరుగుతుంది. మెకానిక్ మొదట విసుక్కున్నాడు, తర్వాత చేశాడు. అదే రోజు అలైన్‌మెంట్. ఎత్తు మారితే వెనక చక్రాల కోణాలూ మారతాయి, దీన్ని రేపటికి వాయిదా వేయకూడదు.

ఇక వాడకం. నిండా మనుషులు, సామాను ఉంటే బండి అద్భుతం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండ దారుల్లో మలుపు తిరిగితే మునుపటిలా వెనక ఒరగదు, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొట్టడం మానేశారు. టైర్లు ఇప్పుడు అడ్డంగా సమంగా అరుగుతున్నాయి. బస్తాల కొద్దీ సోనా మసూరి వేసుకొచ్చినా ఇంటి డ్రైవ్‌వే అంచుకు వెనక బంపర్ గీసుకోవడం లేదు.

ఖాళీగా ఒక్కడినే ఆఫీసుకు వెళ్లేటప్పుడు మాత్రం వేరే కథ. పాత కాంక్రీటు రోడ్ల అతుకుల మీద ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది. మొదట్లో వెనక సీట్లో కూర్చున్న అమ్మ, "ఏరా, ఇంత డబ్బు పోసి బాగు చేయించావు, ఇలా ఎగిరెగిరి పడుతుందేంటి?" అంది. కొత్తదనం తగ్గాక కాస్త సర్దుకుంటుందనుకున్నాను గానీ, గట్టిదనం ఏమీ తగ్గలేదు. మా బండి సగం రోజులు నిండుగా తిరుగుతుంది కాబట్టి నాకు ఈ బేరం గిట్టింది. ఏడాదికి రెండుసార్లే ఊరికెళ్లి, మిగతా రోజులు ఒకరిద్దరే తిరిగేవాళ్లకు హెవీ డ్యూటీ వద్దనే చెబుతాను. ఫ్యాక్టరీ కొలత స్ప్రింగులు, బి4 షాకులు పెట్టుకుని సుఖపడండి. బండి ఇంకా కొత్తదై, చాలాకాలం ఉంచుకునే ఉద్దేశం ఉంటే మాత్రం ఖర్చుకు వెనకాడకుండా నివోమాటే వేయించుకోండి. మా స్నేహితుడి వోల్వో ఎక్స్‌సీ70లో అది ఇంకా పనిచేస్తోంది. ఖాళీగా మెత్తగా, నిండుగా సమంగా పోతుంది. అందులో కూర్చున్నప్పుడల్లా నాకు కొంచెం అసూయే.

స్ప్రింగుల ఎత్తు ఇప్పటికీ తగ్గలేదు, మొన్న టైర్లు మార్చినప్పుడు కొలిచాను. కింది చుట్టు దగ్గర పెయింటు లేచి, ఎడమ పక్క తుప్పు మచ్చ పట్టింది. ఈ స్ప్రింగులు ఉప్పు రోడ్ల మీద విరిగితే సాధారణంగా ఆ చుట్టు దగ్గరే విరుగుతాయి. చలికాలం రాకముందే అక్కడ వైరు బ్రష్‌తో గీకి పెయింటు వేయాలి, కింది రబ్బరు సీట్లు కూడా మార్చాలి. ముందు కుడి చక్రం దగ్గర చిన్న గతుకులకు టకటకమని శబ్దం మొదలైంది. స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే చిన్న జోడింపు ముక్క) అయి ఉంటుంది, దాని సంగతీ అదే రోజు చూస్తాను.