పిల్లల అక్రిలిక్ అద్దం: పర్లాకిమిడి సెలూన్‌లో వాడి చూశాక

పర్లాకిమిడి బజారులో మాదో సెలూన్. పాతపట్నం నుంచి వచ్చే తెలుగువాళ్లు, ఊళ్లో ఒడియావాళ్లు, కొండల మీంచి దిగే సవరలు, ఎవరి పిల్లలైనా నా కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్క మీద కూర్చోవాల్సిందే. ఆ చెక్క మీంచే ఓ బుడతడు కాలు జాడించి గాజు అద్దం పగలగొట్టాడు. అందుకని పిల్లల కోసం ఆన్‌లైన్లో అక్రిలిక్ అద్దం తెప్పించాను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 899 రూపాయలు.

ముందు వస్తువు సంగతి. గాజుతో చూస్తే బరువు సగమే. కింద పడినా పెంకులు కాదు. కొమ్ము దువ్వెనతో టకటకా కొట్టినా (మా ఊరి కొమ్ముపని పేరున్నదే, ప్లాస్టిక్ దువ్వెన నా చేతికి ఆనదు) ఏమీ కాలేదు. గీతలు మాత్రం ఇట్టే పడతాయి. వెంట్రుక ముక్కలంటిన పొడిగుడ్డతో తుడిచారా, అంతే సంగతులు. స్పిరిట్ గానీ, గాజు తుడిచే అమోనియా మందు గానీ తగిలితే సన్నటి పగుళ్లు పాకుతాయి. సబ్బునీళ్లలో పిండిన నూలుగుడ్డే వాడాలి. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా వేయలేదు. ఇచ్చిన టేపు సున్నం గోడకి పట్టదు. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే అద్దమూ దానితోపాటే వంగి, మొహం పనసకాయలా సాగుతుంది. చదునైన ప్లైవుడ్ ముక్కకి బిగించాకే సరైంది.

ఇంతవరకూ బాగానే ఉంది. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఇంకో మాట ఉంది: ఆరు నెలల నుంచే మీ బిడ్డ తనను తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుందట. అద్దం ముందు పిల్లల్ని కూర్చోబెట్టి బతికేవాణ్ని, నాకే చెబుతారా ఈ కబుర్లు?

పుట్టెంట్రుకలు తీయించడానికి తెచ్చే ఏడాది లోపు పిల్లలు అద్దంలో కనపడేది తామే అనుకోరు. ఇంకో పాపాయి దొరికిందని నవ్వుతారు, చేత్తో తడతారు. కాస్త పెద్దవాళ్లయితే అద్దం వెనక్కి తొంగి చూస్తారు, ఆ పిల్లాడు ఎక్కడ దాక్కున్నాడోనని. రెండో ఏడు నడుస్తుండగా మరో రకం మొదలవుతుంది. అప్పటిదాకా ఆడుకున్న గుంటడు అద్దంకేసి ఓసారి చూసి, వాళ్లమ్మ చెంగులో మొహం దాచుకుంటాడు. కత్తెరకి భయపడ్డాడని తల్లులు అంటారు గానీ, అది భయం కాదు, సిగ్గు.

మా తమ్ముడి కూతురు బి.ఎడ్. చదువుతోంది. ఈ మాటంటే, “పెదనాన్నా, నువ్వు చెప్పిందే మా పాఠంలో ఉంది” అంది. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆవిడ మూడు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల ముక్కు మీద తెలియకుండా ఎర్రరంగు అద్ది, అద్దం ముందుకి తెచ్చిందట. అద్దంలో బొమ్మని కాకుండా తన ముక్కునే తడుముకున్న పిల్లలు తమని గుర్తుపట్టినట్టు లెక్క. ఎక్కువమంది పిల్లలు ఆ పని చేసేది ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య. సిగ్గుపడటం కూడా ఇంచుమించు ఆ వయసులోనే. అంతకు రెండేళ్ల ముందు, 1970లో, గోర్డన్ గాలప్ చింపాంజీల మీద ఇలాంటి పరీక్షే చేశాడు.

ఆ పరీక్షకి మా సెలూన్ కన్నా మంచి చోటు ఉందా? మెడ మీద వెంట్రుకలు దులుపుతూ బ్రష్‌తో ముక్కు మీద ఇంత పౌడర్ అద్దితే ఎవరికీ తెలియదు. గుండు చేశాక చూద్దామంటే కుదరదు, తల చల్లగా తగిలి అద్దం చూడకుండానే తడుముకుంటారు. పౌడరైతే తగిలినట్టుండదు. ఏడాది పిల్లలు అద్దంలో ముక్కుని వేలితో పొడిచారు. రెండేళ్లవాళ్లలో చాలామంది తమ ముక్కే తుడుచుకున్నారు.

కొందరు మాత్రం చూసి ఊరుకున్నారు. తెలివి తక్కువై కాదు. మన పిల్లల బుగ్గ మీద దిష్టిచుక్క, నుదుట బొట్టు, అరికాలిలో కాటుక పుట్టినప్పటి నుంచీ ఉంటాయి. మొహం మీద మచ్చ కనబడితే తుడుచుకోవాలని వాళ్లకెందుకు తోచాలి? ఓ పాప చుక్క నేనే పొరపాట్న తుడిచేస్తే వాళ్ల మామ్మ ఊరుకుందా? “ఏటి బాబూ, చుక్క చెరిపేసినావేటి?” అని కాటుకడబ్బీ తీసి మళ్లీ పెట్టేవరకూ కత్తెర పట్టనివ్వలేదు. కెన్యా పిల్లల మీద 2011లో అచ్చైన పరిశీలనలోనూ పిల్లలు ఇలాగే చూసి ఊరుకున్నారని మా పిల్ల చెప్పింది. రెండేళ్లు ఎప్పుడో దాటినవాళ్లు కూడా దాదాపు ఎవరూ గుర్తు తుడుచుకోలేదట. అంతమాత్రాన వాళ్లకి ‘నేను’ తెలియదనలేం. అలాంటిది ఆరు నెలలకే అద్దం నేర్పేస్తుందని ఏ ధైర్యంతో అచ్చు వేశారో!

ఈ సెట్టులో నాకు బాగా నచ్చింది అద్దం కాదు, దానితో వచ్చిన ఫోమ్ చాప. ఏడాదిన్నర వాణ్ని దాని మీద నిలబెట్టి, “ఏదీ బాబూ, చాప ఇలా ఇవ్వు” అన్నాను. వంగి రెండు చేతులా అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. మొహం ఎర్రబడేలా మళ్లీ లాగాడు, వాళ్ల నాన్నకేసి చూశాడు, కోపమొచ్చి చాపని కొట్టాడు. తన బరువే దాన్ని తొక్కి పట్టిందని తట్టలేదు. వాడి అక్కకి మూడేళ్లు, అడగ్గానే పక్కకి దిగి తీసిచ్చింది. చక్రాల బండి వెనక గుడ్డ కట్టి, పిల్లల్ని దాని మీద నిలబెట్టి బండి తోయమనే పరీక్ష కూడా ఉందట. అద్దంలో మొహం పోల్చుకోవడం ఒకటి, నా ఒళ్లూ ఓ వస్తువులా అడ్డు పడుతుందని తెలియడం ఇంకొకటి. నన్నడిగితే రెండోదే చూడముచ్చట. చుక్క గొడవా లేదు.

అమ్మినవాళ్లతో తంటా ఒకటుంది. నాకొచ్చిన దాని మూల విరిగి ఉంది. ఫోటోలు పంపితే బదులు పంపిస్తామన్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మూలని ఆకురాయితో నున్నగా అరగదీసి వాడుతున్నాను. మీరు కొంటే పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

ఇంట్లో పాకే పిల్లలుంటే గాజు కన్నా ఇదే నయం. నేలకి జానెడు ఎత్తులో, ప్లైవుడ్‌కి స్క్రూలతో బిగించండి, టేపు నమ్మొద్దు. బిడ్డ తెలివి పెరుగుతుందని కొనేటట్టయితే ఆ 899 దాచుకోండి, మీ బీరువా అద్దం చాలు. వస్తువుకి అయిదుకి మూడున్నర ఇస్తాను. పెట్టె మీది రాతలకి సున్నా.