చెరువు గట్టు మీద హెచ్‌సీ-12: సీ ప్రోగ్రాముతో ఏళ్ల వాడకం తర్వాత

ఉండి దగ్గర మా వనామీ రొయ్యల చెరువుల్లో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), ఉష్ణోగ్రత రీడింగుల్ని కాపలా షెడ్డు దాకా తెస్తున్నది హెచ్‌సీ-12 అనే చిన్న రేడియో మాడ్యూలు. చెరువు వైపు ఆర్డునో నానో అనే చిన్న కంట్రోలరు బోర్డుకి ఒకటి తగిలించాను. షెడ్డులో లైనెక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టరుతో (మాడ్యూలు సీరియల్ తీగల్ని యూఎస్‌బీకి కలిపేది) ఇంకొకటి. వచ్చిన రీడింగు చదివి, హద్దు దాటితే హారన్ మోగించే ప్రోగ్రాము సీ భాషలో నేనే రాసుకున్నాను. పంట మీద పంట తీస్తూ వాడుతున్న సరుకు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మాడ్యూలు మంచిది, కొనుక్కోవచ్చు. అయితే అది చేసేది బైట్లు మోయడం ఒక్కటే. ఒక బైటు గాలిలో పోయినా, సగం సందేశమే వచ్చినా మనకు చెప్పదు, తిరిగి పంపదు. ఆ జాగ్రత్తంతా సీ ప్రోగ్రాములో ఉండాలి.

రొయ్యల రైతుకు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పాలి. రాత్రి పూట నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో అట్టడుగుకు వస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపుకు దిగితే ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) చూసుకోవాలి, 3 లోపైతే పరుగు తీయాలి. ఇప్పుడు చెరువు నుంచి 2.8 అని వస్తుంటే మధ్యలో చుక్క పోయిందనుకోండి. ప్రోగ్రాము 28 అని చదువుకుని, అంతా బాగుందని ఊరుకుంటుంది. అందుకని ప్రతి లైనులోనూ చెరువు నంబరు, వరుస సంఖ్య, రీడింగులు, చివర చెక్‌సమ్ (లైనులోని అక్షరాల నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) పెట్టాను. చెక్‌సమ్ కలవని లైనును ప్రోగ్రాము సరిదిద్దే ప్రయత్నం చేయదు, పారేస్తుంది. వరుస సంఖ్యలో ఖాళీలు చూస్తే ఏ వేళ ఎన్ని లైన్లు పోతున్నాయో తెలిసిపోతుంది.

ఇక పోర్టు నుంచి బైట్లు తెచ్చిచ్చే రీడ్ ఫంక్షన్. ఒక్కసారి పిలిస్తే ఒక్క సందేశం వస్తుందనే నమ్మకంతో రాసిన కోడు బల్ల మీద రెండు మాడ్యూళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే చక్కగా నడుస్తుంది, చెరువు దగ్గర నడవదు. రీడ్‌కు సందేశం అంటే ఏమిటో తెలియదు. ఆ క్షణానికి ఉన్న బైట్లు ఇస్తుంది: ఒకసారి ఐదు, ఒకసారి ఇరవై, ఒకసారి ఒక లైను తోకా తర్వాతి లైను తలా కలిపి. సెకనుకు 9600 బిట్ల వేగంలో సెకనుకు వచ్చేవి 960 బైట్లే కాబట్టి 30 బైట్ల లైనుకు 31 మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోపు ప్రోగ్రాము ఎన్నిసార్లైనా తిరిగిరావచ్చు. వచ్చినవన్నీ మన బఫరులో (ప్రోగ్రాములో బైట్లు దాచుకునే చోటు) పోగేసి, కొత్త లైను గుర్తు కనబడ్డాకే విడదీయాలి. రీడ్ చివర సున్నా బైటు పెట్టదు, అది పెట్టకుండా స్ట్రింగు ఫంక్షన్లకు ఇవ్వకూడదు. గుర్తు ఎంతకీ రాకపోతే బఫరు నిండిపోకుండా హద్దు కూడా పెట్టండి.

పోర్టు తెరవగానే టెర్మియోస్ సెట్టింగుల్ని (లైనెక్స్‌లో సీరియల్ పోర్టు నడతను నిర్ణయించేవి) సీఎఫ్‌మేక్‌రా ఫంక్షన్‌తో శుభ్రం చేయడం తప్పనిసరి. లేకపోతే ఎకో ఆన్‌లో ఉండి, చెరువు నుంచి వచ్చిన ప్రతి అక్షరాన్నీ ల్యాప్‌టాప్ మళ్లీ రేడియోకే పంపుతుంది. హెచ్‌సీ-12 ఒకేసారి పంపుతూ వినలేదు, దాంతో రెండు వైపులా ఒకరి మాట మీద ఒకరు పడతారు. రేంజి సరిగా లేదని మాడ్యూలును తిట్టే చాలామంది ముందు ఈ ఎకో చూసుకోవాలని నా అభిప్రాయం.

మా దగ్గర కరెంటు పోయి జనరేటరు ఎత్తుకునే వేళ యూఎస్‌బీ కన్వర్టరు ఒక్కోసారి ఊడి మళ్లీ తగులుతుంది. అప్పుడు రీడ్ సున్నా ఇస్తుంది. టెర్మియోస్‌లో వీమిన్ (కనీసం ఎన్ని బైట్ల కోసం ఆగాలో) సున్నాగా పెట్టి వీటైమ్‌తో (ఎంతసేపు ఆగాలో) సమయం పెట్టుకున్నవాళ్లకు, ఏమీ రాకపోయినా అదే సున్నా. ఈ రెండూ కలిసిపోకుండా నేను పోర్టు స్థితి చెప్పే పోల్ ఫంక్షన్ వాడి, హ్యాంగప్ (లైను తెగింది) గుర్తు వస్తే పోర్టు మూసి మళ్లీ తెరుస్తాను. మూయకుండా ఉంటే కొత్తగా తగిలిన కన్వర్టరుకు వేరే నంబరు వస్తుంది కాబట్టి, సీరియల్ బై-ఐడీ ఫోల్డరులో ఉండే స్థిరమైన పేరుతోనే తెరవడం మేలు. వీటన్నిటికంటే నాకు నచ్చే భాగం మౌనానికి హారన్. నిర్ణీత సమయంలో ఒక్క మంచి లైనూ రాకపోతే డీవో పడిపోయినప్పటిలాగే మోగుతుంది. రీడింగు లేకపోవడం కూడా ప్రమాదమే.

మాడ్యూలు సంగతికొస్తే, ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. సోల్డరు చేసి, మూతపెట్టె బిగుతుగా వేయండి. పూర్తి పవరులో పంపేటప్పుడు ఇది 100 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, పక్కనే ఒక కెపాసిటరు లేకపోతే ఓల్టేజీ కుంగి అక్షరాలు చెడతాయి. సరఫరా 4.5 వోల్టులు దాటితే వరుసలో 1ఎన్4007 డయోడు పెట్టాలి. కిలోమీటరు అని చెప్పే రేంజి ఖాళీ మైదానానిది. కొబ్బరిచెట్ల వరస అడ్డుంటే, అందులోనూ వాన వేళ, బాగా తగ్గుతుంది. పవరు పెంచడంకంటే యాంటెనాను నిలువు కర్రకు ఎత్తుగా కట్టడమే ఎక్కువ పనిచేసింది. తీగతో సొంతంగా చేసుకుంటే పొడవు 17.3 సెంటీమీటర్లు. దగ్గరి చెరువుకు పవరు తగ్గించి పెట్టండి, ఎనిమిది మెట్లున్నాయి.

మాడ్యూలు మీది సెట్ పిన్నును గ్రౌండుకు కలిపి ఏటీ+ఆర్‌ఎక్స్ అని పంపితే వేగం, ఛానెలు, పవరు, మోడు అన్నీ చూపిస్తుంది. పక్క రైతు కూడా ఇదే పెట్టుకుంటే ఛానెళ్ల మధ్య కనీసం ఐదు ఎడం ఉంచుకోండి. రహస్యం ఏమీ ఉండదు, అదే ఛానెలులో ఉన్న ఎవరికైనా మీ రీడింగులు కనిపిస్తాయి. అందుకే దీంతో మోటర్లు ఆన్, ఆఫ్ చేయించే ఆలోచన ఉంటే నేను వద్దంటాను.

చెరువులు ఎక్కువైతే ఎవరికి వారు పంపనివ్వకండి. షెడ్డు నుంచి చెరువు నంబరు పిలిచి, ఆ చెరువు మాత్రమే జవాబిచ్చేలా రాయండి. పది మీటర్ల లోపు పనికి హెచ్‌సీ-05 బ్లూటూత్ చాలు. లంకల్లోలా దూరాలు పెద్దవైతే 865 మెగాహెర్ట్జ్ లోరా (ఎక్కువ దూరం వెళ్లే రేడియో) చూడండి. ఏది కొన్నా ఒక మాడ్యూలు అదనంగా తీసుకుని, సెట్టింగులు వేసి షెడ్డులోనే ఉంచుకోండి.