చలువ కళ్లద్దాల గీతలు పోగొట్టే పాలిష్ కిట్: వాడి చూసిన తరువాత

పెట్టె మీద ‘అన్ని రకాల లెన్సులకూ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ మాట నమ్మి ఇంట్లో ఉన్న మూడు జతల చలువ కళ్లద్దాల మీద ఈ కిట్‌ను ప్రయోగించాను. ఒక జత బాగుపడింది, ఒకటి పాడైంది, మూడోది ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

కిట్‌లో బొటనవేలంత ట్యూబు, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, రుద్దడానికి ఒక చిన్న ఫెల్ట్ బిళ్ల ఉన్నాయి. ట్యూబులోని తెల్లటి ముద్దలో ఏమేం కలిపారో ఎక్కడా రాయలేదు కానీ, వేళ్ల మధ్య నలిపితే సన్నటి గరుకు తెలుస్తుంది. పని చేసేది ఆ గరుకే. గీత అంటే లెన్సు మీద పడిన పల్లం. ఇలాంటి ముద్ద ఆ పల్లాన్ని పూడ్చదు, చుట్టూ ఉన్న మెరకను అరగదీసి పల్లంతో సమానం చేస్తుంది. అందువల్ల లోతైన గీత పోవాలంటే లెన్సు అంత లోతునా అరగాలి. గోటి కొనతో అడ్డంగా గీకినప్పుడు తట్టే గీతల జోలికి ఈ ముద్దతో వెళ్లకపోవడమే మంచిది.

మొదట ప్రయత్నించింది ఏ పూతా లేని పాత సీఆర్-39 ప్లాస్టిక్ లెన్సుల జత. చొక్కా అంచుతో పొడిగా తుడిచే అలవాటు వల్ల (దుమ్ములోని ఇసుక రేణువులు ప్లాస్టిక్ కన్నా ఎంతో గట్టివి) దాని నిండా వెంట్రుకల్లాంటి గీతలు ఉన్నాయి. కుళాయి నీటి కింద కడిగి, తడి ఆరాక, బఠాణీ గింజంత ముద్దతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ఒక్కో లెన్సును పది నిమిషాల చొప్పున రుద్దాను. ఎండలోకి తీసుకువెళ్లి చూస్తే మునుపటి మసక చాలావరకు తగ్గింది. అయితే ట్యూబులైటు ప్రతిబింబం లెన్సు మీద పడేలా పట్టుకుని నెమ్మదిగా కదిపినప్పుడు, నేను ఎక్కువ సేపు రుద్దిన మూల దగ్గర ఆ తిన్నటి వెలుగు గీత చిన్నగా వంకర తిరిగింది. అక్కడ లెన్సు ఉపరితలం ఎగుడుదిగుడైందన్న మాట. కళ్లకు పెట్టుకున్నప్పుడు అది నాకు తెలియలేదు కానీ, పవరు ఉన్న లెన్సు అయితే ఇంత తేలిగ్గా తీసుకోలేం.

రెండో జత పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ లెన్సులది, పైన ముఖం చూసుకునే అద్దంలా మెరిసే నీలి అద్దపు పూత. నా ఫిర్యాదంతా ఇక్కడే. రుద్దడం మొదలుపెట్టిన మూడు నిమిషాలకే గుడ్డకు నీలం అంటింది. లెన్సు నడుమ రూపాయి బిళ్లంత మేర పూత లేచిపోయి గోధుమ రంగు బయటపడింది. అసలు గీత మాత్రం అలాగే ఉంది. పాలీకార్బొనేట్ మెత్తటిది కాబట్టి దాని మీద గట్టి పూత ఒకటి వేస్తారు, దాని మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అద్దపు పూత, మెరుపు తగ్గించే పూత అంతకన్నా పలుచన. అరగదీసే ఏ ముద్దకైనా ముందు బలయ్యేది ఇవే. ఇప్పటి చలువ కళ్లద్దాల్లో ఏదో ఒక పూత ఉండడం మామూలు విషయమైనప్పుడు, కిట్‌తో వచ్చిన కాగితంలో పూత అన్న మాటే లేకపోవడం చిన్న పొరపాటు కాదు.

మూడోది గాజు లెన్సు. దాని మీద ఎంత రుద్దినా ఫలితం లేదు. గాజుకు సీరియం ఆక్సైడ్ లాంటి పొడి, ఓపిక, కుదిరితే తిరిగే చక్రం కావాలి.

ఇదే పని టూత్‌పేస్టు చేయదా అన్న ప్రశ్న సహజమే. పళ్లు తోమే పేస్టులోనూ సిలికా, కాల్షియం కార్బొనేట్ లాంటి రాపిడి పదార్థాలే ఉంటాయి కనుక, పూత లేని లెన్సు మీద కొంత పని చేస్తుంది, పూత ఉన్నదాన్ని అలాగే చెడగొడుతుంది. కిట్‌లోని ముద్ద గరుకు దానికన్నా సన్నగా, అంతటా ఒకేలా ఉంది. ఆ మేరకు ఇదే మెరుగు. కారుకు పూసే మైనం దారి వేరు: అది గీతలో నిండి వెలుగు చెదరకుండా కొంత ఆపుతుంది, సబ్బుతో కడిగితే గీత మళ్లీ కనిపిస్తుంది. గాజును తినేసే ఎచింగ్ క్రీము పూసి దెబ్బతిన్న పూతను మొత్తంగా లేపేయమనే సలహా కూడా వినిపిస్తుంటుంది. అందులో ఉండే ఫ్లోరైడ్ రసాయనాలు చర్మాన్ని కాల్చి లోపలికి దిగగలవు. కళ్లద్దాల కోసం అంత సాహసం అక్కరలేదు.

పాలిష్ చేస్తే అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ పోతుందా అంటే, అది లెన్సును బట్టి ఉంటుంది. పాలీకార్బొనేట్‌లో ఆ గుణం పదార్థంలోనే ఉంది, పైపైన అరిగితే పోదు. రక్షణ పూత రూపంలో వేసిన లెన్సుల విషయంలో మాత్రం ఆ భరోసా లేదు.

పూత లేని ప్లాస్టిక్ లెన్సు, పైపై గీతలు, ఈ రెండూ కలిసిన చోట దీనికి ఐదుకు నాలుగు ఇవ్వవచ్చు. పెట్టె మీది ఆ ఒక్క మాట వల్ల మొత్తానికి రెండే ఇస్తున్నాను. నీలి పూత పోయిన జతకు లెన్సులు మార్పించాల్సి వచ్చింది. ఒక్కటే మారిస్తే రంగు కలవదన్నారు కనుక, ఒక గీత కోసం మొదలైన పని రెండు కొత్త లెన్సుల దాకా వెళ్లింది.