కుంగుబాటు మందులు: కొనసాగించడమా, నెమ్మదిగా మానడమా?

కుంగుబాటు నుంచి కోలుకొని, ఇక మందులు మానవచ్చునని అనుకునే స్థితికి చేరినవారికి ఈ రెండు దారుల మధ్య తేడాను బ్రిటన్‌లో 478 మందిపై జరిగి 2021లో వెలువడిన యాంట్లర్ పరిశోధన స్పష్టంగా చూపింది. ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 39 శాతం, క్రమంగా మానినవారిలో 56 శాతం. కొనసాగించడంలో రక్షణ ఎక్కువే, కానీ అది పూర్తి హామీ కాదు. మానినవారిలోనూ చాలామంది నిలదొక్కుకున్నారు.

కొనసాగించేవారిలో కొందరికి లైంగికాసక్తి తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, సంతోషమూ దుఃఖమూ మొద్దుబారతాయి. వీటిని చిన్న విషయాలుగా కొట్టిపారేయడం అన్యాయం. అయినా కుంగుబాటు పలుమార్లు వచ్చినవారికి కొనసాగించడమే మేలని నా అభిప్రాయం.

మానడంలో అసలు చిక్కు వేగంలో ఉంది. మోతాదుకూ మెదడుపై ప్రభావానికీ సంబంధం సరళరేఖ కాదు, మోతాదు తగ్గేకొద్దీ ఒక్కో మిల్లీగ్రాము ప్రభావం పెరుగుతుంది కనుక, 20 మిల్లీగ్రాముల నుంచి 10కి దిగడం కన్నా చివరి కొద్ది మిల్లీగ్రాములను వదలడమే తరచుగా కష్టమవుతుంది; అందుకే చివరి మెట్లు మరీ చిన్నవిగా ఉండాలి. తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్లుండడం వంటివి మోతాదు తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలైతే అవి మందు మానడం వల్ల కలిగినవి కావచ్చు. తిరగబెట్టే జబ్బు సాధారణంగా వారాల మీద మెల్లగా కమ్ముకుంటుంది. కుంగుబాటు మందుల్లో పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ శరీరం నుంచి త్వరగా పోతాయి కనుక వాటితో ఈ ఇబ్బంది ఎక్కువ, ఫ్లూయాక్సెటిన్‌తో తక్కువ. పెళ్లి సంబంధం కుదిరిందని ఇంట్లోవాళ్లు మాత్రలను ఒక్కసారిగా ఆపించడం మాత్రం ఈ రెండు దారుల్లో దేనికీ చెందదు, అది ప్రమాదం. అతి ఉద్రేకం, కుంగుబాటు మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం అనే మందు విషయంలో ఆ ప్రమాదం మరింత తీవ్రం కనుక, వైద్యునితో మాట్లాడకుండా ఒక్క మాత్రనైనా తగ్గించకూడదు.