ఆరేళ్ళ వాడకం తర్వాత ఒక టచ్ పొయ్యి గురించి

ఈ ఇండక్షన్ పొయ్యి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పాడవలేదు. కాయిల్ కాలలేదు, ఫ్యాన్ ఆగలేదు, అద్దం పగల్లేదు. అయినా మా అమ్మ మూడేళ్ళు వాడి, ఇక నావల్ల కాదని దీన్ని పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి హైదరాబాద్‌లో నా దగ్గర ఉంది. ఎన్ని వాట్లు, కరెంటు ఎంత కాలుతుంది, ఏ గిన్నెలు పనికొస్తాయి అనేవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది దీని ముందు భాగంలో ఉన్న నల్లటి టచ్ ప్యానెల్ గురించే. కోపంతోనే రాస్తున్నాను.

అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. డెబ్బైకి దగ్గర పడింది. ఒంటరిగా ఉన్నప్పుడు సిలిండర్ అయిపోతే ఇబ్బంది పడకూడదని 2019లో కొని పంపాను. మొదటి నెలలో నేను దీన్ని మెచ్చుకున్న తీరు మా ఆఫీసులో వాళ్ళకు ఇంకా గుర్తుంది. బటన్లు లేవు కాబట్టి సందుల్లో జిడ్డు చేరదు, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దంలా మెరుస్తుంది అని చెప్పాను. నా మాట మీద ఇద్దరు కొన్నారు కూడా. తుడవడం తేలిక అన్నది ఇప్పటికీ నిజమే. అయితే తడిగుడ్డ తగిలిన ప్రతిసారీ అది వేలే అనుకుని కుయ్‌మంటుంది, ఏదో ఒక లైటు వెలుగుతుంది. అందుకని ముందు ప్లగ్ తీసి, ఆ తర్వాత తుడవాలి. ఈ సంగతి ఆ మొదటి నెలలో నేను ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే తుడిచేది నేను కాదు.

అమ్మకు మొదటి ఇబ్బంది పాలతో వచ్చింది. ఆన్ అని ఉన్నచోట తాకితే పొయ్యి కూత వేస్తుంది, లైటు వస్తుంది, కానీ వేడెక్కదు. ఆ తర్వాత పాలు, దోసె, కూర అంటూ ఇంగ్లీషులో రాసి ఉన్న వాటిలో ఒకటి తాకాలి. తాకకపోతే కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. అమ్మ పాలగిన్నె పెట్టి, ఆన్ తాకి, కూత వినగానే పొయ్యి వెలిగిందనుకుని పూజగదిలోకి వెళ్ళేది. దీపం పెట్టి వచ్చేసరికి పాలు చల్లగా అలాగే ఉండేవి. గ్యాస్ పొయ్యి దగ్గర యాభై ఏళ్ళుగా తిప్పితే మంట కనబడటం అలవాటైన మనిషి, కూత వస్తే వెలిగిందనుకోవడంలో తప్పేముంది?

ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఎడమ నుంచి మూడోది పాలు, అయిదోది కుక్కరు అని లెక్క పెట్టుకుంది. ప్యానెల్ అంతా ఒకే నునుపు, వేలికి ఏమీ తెలియదు, కంటితో చూసే తాకాలి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా కాలేదు. చివరికి ఆన్ ఉన్నచోట ఒక బొట్టుబిళ్ళ అంటించుకుంది, ఎర్రగా కనబడుతుందని. ఆవిరికి అది వారానికోసారి ఊడిపోయేది, మళ్ళీ కొత్తది అంటించేది. ఆ పొయ్యి తయారు చేసినవాళ్ళు చేయాల్సిన పనిని మా అమ్మ బొట్టుబిళ్ళతో చేసుకుంది. ఫోన్‌లో నాకు ఈ సంగతి చెప్పినప్పుడు భలే ఉపాయం అన్నాను. అది ఉపాయం కాదు, ఫిర్యాదు అని అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. మూడో ఏడు వానాకాలంలో ఒక రోజు పాలు పొంగి ప్యానెల్ మీదుగా కారాయి. పొయ్యి వరసగా కూతలు వేసి ఆరిపోయింది. అంతవరకు మంచిదే, అది భద్రత కోసం పెట్టిందే. అమ్మ ప్లగ్ తీసి, శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ ఆన్ తాకింది. కూత వచ్చింది తప్ప ఇంకేమీ జరగలేదు. పాలు తాకినా, కుక్కరు తాకినా, ఏది తాకినా ఒకటే కూత.

"ఒరేయ్ నాన్నా, పొయ్యి కాలిపోయిందిరా" అని ఫోన్ చేసింది. స్విచ్ ఆపి వెయ్యమన్నాను. వేసింది, మార్పు లేదు. వీడియో కాల్ పెట్టించాను. ట్యూబ్‌లైటు వెలుగు అద్దం మీద పడి నాకేమీ కనిపించలేదు. అదే వారం గ్యాస్ కూడా అయిపోయి ఉంది. బుక్ చేసిన సిలిండర్ రాలేదు. రెండు రోజులు పక్కింటి పిన్నిగారు అన్నం, కూర పంపారు. ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి మా అమ్మ. కాఫీ కూడా వాళ్ళింటి నుంచే రావాల్సి వచ్చిందని చెప్పేటప్పుడు ఆమె గొంతు విన్నాను. ఆ గొంతు మర్చిపోలేదు.

మూడో రోజు మెకానిక్ వచ్చాడు. ప్యానెల్ మూలన ఒకచోట వేలు పెట్టి మూడు సెకన్లు నొక్కి పట్టుకున్నాడు. "అమ్మా, ఇదేం పాడవలేదు. పిల్లల లాక్ పడింది, అంతే" అన్నాడు. 200 రూపాయలు తీసుకున్నాడు.

పిల్లలు తాకినా పొయ్యి పనిచేయకుండా ఆపేది ఆ లాక్. తడి ఆ మూలన ఎక్కువసేపు నిలవడంతో అది పడి ఉంటుంది. టచ్ ప్యానెల్ వేలిని గుర్తుపట్టేది విద్యుదావేశంలో వచ్చే చిన్న మార్పును బట్టి. నీళ్ళు, పాలు, గంజి కూడా అలాంటి మార్పే తెస్తాయి. అదే సమయంలో ముసలివాళ్ళ ఎండిపోయిన వేళ్ళు ఒక్కోసారి ఆ మార్పును సరిగ్గా తేలేవు. అంటే తాకకూడనిది తాకితే వింటుంది, తాకాల్సిన మనిషి తాకితే ఒక్కోసారి వినదు. తడీ ఆవిరీ ఉండే వంటింట్లో దీన్ని పెట్టాలని ఎలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పైగా లాక్ పడిందని చెప్పేది బియ్యపు గింజంత తాళం బొమ్మ. అది కూడా మిగతా లైట్లలాగే ఎరుపు. స్విచ్ ఆపి వేసినా ఆ లాక్ పోలేదు. కరెంటు పోయి వస్తే ఏ వేడిలో వండుతున్నామో మర్చిపోయే యంత్రం, లాక్‌ను మాత్రం గుర్తుపెట్టుకుంది.

ఆ తర్వాత నేను ఇలాంటి వాటి గురించి చదవడం మొదలుపెట్టాను. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ఆయిల్ ట్యాంకర్‌ను గుద్దుకుంది. పదిమంది నావికులు చనిపోయారు. చుక్కాని పనిచేయడం లేదని సిబ్బంది అనుకున్నారు. నిజానికి అది బాగానే ఉంది, టచ్ స్క్రీన్ మీద అదుపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది, అంతే. ఆ మార్పు వాళ్ళకు తెలియలేదు. శిక్షణ చాలకపోవడం, అలసట కూడా కారణాలని దర్యాప్తులో తేలింది. కానీ 2019లో అమెరికా నౌకాదళం వేగాన్ని అదుపు చేసే చోట మళ్ళీ చేతితో కదిపే మీటలే పెట్టాలని నిర్ణయించింది. పొయ్యికీ యుద్ధనౌకకూ పోలికేంటని మా ఆవిడ అడిగింది. పోయిన ప్రాణాల ముందు మా పాలగిన్నె ఎంత, నిజమే. కానీ బాగానే ఉన్న యంత్రాన్ని పాడైందని మనిషి అనుకోవడం రెండుచోట్లా జరిగింది. తన స్థితి ఏమిటో యంత్రం చెప్పలేదు.

2022లో అమ్మకు వేరేది కొన్నాను, గుండ్రటి నాబ్ ఉన్నది. ధర తక్కువ. ఈసారి ఆమెను షాపుకు తీసుకెళ్ళాను. వేళ్ళు కాస్త తడిపి తిప్పి చూడమన్నాను. తిప్పగానే టక్‌మంది, "ఆఁ, ఇది పొయ్యి" అంది. అంతకుమించి నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. నెల తిరక్కుండానే పక్కింటి పిన్నిగారికి ఎలా వాడాలో ఈమే నేర్పింది. పాతదాన్ని మూడేళ్ళలో ఒక్కరికీ చూపించలేదు.

ఆ కొత్తదాన్ని కూడా గుడ్డిగా మెచ్చుకోను. నాబ్ చుట్టూ జిడ్డు చేరుతుంది, పాత బ్రష్షుతో గీకాలి. సన్నని సెగ సరిగ్గా రాదు, ఆగి ఆగి వేడెక్కుతుంది. పాలు సన్నగా కాచాలంటే అమ్మ ఇప్పటికీ గ్యాసే వాడుతుంది.

పాతది నాకు బాగానే పనిచేస్తోంది. నాకు చూపు బాగుంది, ఇంగ్లీషు చదవగలను, వంట రోజుకు ఒక పూటే. ఇలాంటివాళ్ళు కొనుక్కుంటే నేను వద్దనను. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కోసమైతే మాత్రం ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టకండి. వాళ్ళనే తీసుకెళ్ళండి, వీలు కాకపోతే నాబ్ ఉన్నదే వెతకండి. నా మాట మీద కొన్న మా ఆఫీసులోని ఆ ఇద్దరికీ ఈ మాట చెప్పాను. ఒకాయన వాళ్ళ అత్తగారిని అడుగుతానన్నాడు.

బొట్టుబిళ్ళ ఊడిపోయి మూడేళ్ళయినా, ఆన్ ఉన్నచోట దాని జిగురు మరక గుండ్రంగా అలాగే ఉంది. పొద్దున్నే లైటు వెయ్యకుండా కాఫీ పెట్టుకునేటప్పుడు నా వేలు ముందు వెతికేది ఆ గరుకునే.