పదకొండేళ్లు పెంచాక చెప్తున్నా: జామాయిల్ అయినా నిమ్మ నీలగిరి అయినా పొడుగు మొక్క కొనకండి

ఆకు వాసన, గబగబా ఎదగడం, నున్నటి కాండం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను రాస్తున్నది వేర్ల గురించి. ఈ యూకలిప్టస్ చెట్లంటే నాకు చాలా ఇష్టం, కానీ కవర్లో ముదిరిపోయిన పొడుగు మొక్కని "మంచి మొక్క" అని అమ్మే పద్ధతి మీద మాత్రం ఇప్పటికీ కోపం తగ్గలేదు. నాలాగ ఇంకొకరు మోసపోకూడదని కొంచెం పెద్దగానే రాస్తున్నా.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఊరి చివర ఇరవై సెంట్ల జాగాలో ఇల్లు. 2013 అక్టోబర్లో ఫైలిన్ తుఫానుకి పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, మునగచెట్టు పోయాయి, దాంతో పడమటెండ నేరుగా వెనక గది మీద కొట్టేది, రేకుల గది అది, మా అమ్మ మధ్యాహ్నం అక్కడే పడుకుంటుంది, వేసవిలో ఆ గదిలో కూర్చోలేకపోయేది పాపం. ఆవిడకి తొందరగా నీడ కావాలి అనేదొక్కటే నా మనసులో ఉంది.

2014 జూన్లో ఒక నర్సరీకి వెళ్తే ఆరడుగుల జామాయిల్ మొక్కలు చూపించారు, పెద్ద నల్ల కవర్లలో, ఒక్కోటి 250 రూపాయలు. "ఇవి పెడితే మీకు రెండేళ్లు కలిసొస్తాయండీ" అన్నాడు అమ్మినాయన. మూడు కొన్నాను, వెనక గదికి ఎనిమిది అడుగుల దూరంలో వరసగా పెట్టాను (ఆ దూరం కూడా తప్పే, దాని గురించి తర్వాత చెప్తా). అదే వారం మా బావ కొరాపుట్ నుంచి వస్తూ నిమ్మ నీలగిరి మొక్క ఒకటి తెచ్చాడు, జానెడు కూడా లేదు, ఆరు ఆకులు, టీ గ్లాసంత కవరు. బతుకుతుందా బావా అనడిగితే "నాటు బావా, పోయేదేముంది" అన్నాడు. దాన్ని నూతి పక్కన, ఇంటికి ఇరవై అడుగుల అవతల పెట్టాను, అక్కడైతే నూతి దగ్గర పారిన నీళ్లు అందుతాయని.

మొదటి ఏడాది పొడుగు మొక్కలు అలాగే నిలబడ్డాయి, కింద ఆకులు రాల్చేశాయి, పెద్దగా కదల్లేదు. వెదురుకర్రలు పాతి కట్టాను, విప్పితే వంగిపోయేవి, మళ్లీ కట్టేవాణ్ణి. జానెడు మొక్క మాత్రం రెండో వానాకాలానికి నా తల దాటింది, మూడో ఏడు వచ్చేసరికి ఆ మూడింటితో సమానమైపోయింది. ఇది నాకు నిజంగా ఆశ్చర్యం. ఆరడుగుల ముందడుగు రెండున్నరేళ్లలో ఏమీ లేకుండా పోయింది.

అప్పటికి జామాయిల్ కూడా పుంజుకుని అమ్మ గది మీద కాస్త నీడ పడేది, ఆవిడ సంతోషించేది, అందుకని 2016లో నేను అడిగినవాళ్లందరికీ "జామాయిల్ పెట్టండి, పొడుగువే తీసుకోండి, టైం కలిసొస్తుంది" అని చెప్పాను. పాతపట్నంలో మా పిన్ని వాళ్ల చేత కూడా కొనిపించాను. ఆ మాటలో "పొడుగువే" అన్నదాన్ని ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నా, మిగతాదాన్ని సగం.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. ఈ వైపు వాళ్లకి ఆ రాత్రి గురించి చెప్పక్కర్లేదు. సాయంత్రమే మా ఆవిడ పట్టుబట్టి అమ్మ మంచం ముందు గదిలోకి తెప్పించింది, వెనక రేకులు లేచిపోతాయేమో అనే భయంతో, చెట్ల సంగతి మాకెవరికీ తట్టనే లేదు. తెల్లారే లోపల ఎప్పుడో గాలి హోరులోనే దబ్బుమని పెద్ద చప్పుడు, దాని వెనకే రేకులు పగిలిన చప్పుడు. తలుపు తీసే వీల్లేదు. వెలుగొచ్చాక చూస్తే నడి జామాయిల్ వేర్లతో సహా లేచి అమ్మ గది మీద పడుంది, నలభై అడుగుల చెట్టు, అమ్మ మంచం ఉండే చోట రేకుల ముక్కలు, తడిసిన ఆకులు, వాటి మధ్య కాండం. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది, నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ నీడ కోసం పెట్టిన చెట్టు అది. ఇప్పటికీ గాలి ఎక్కువైతే నాకు ఆ చప్పుడే వినిపిస్తుంది.

రెండో జామాయిల్ ప్రహరీ మీదకి ఒరిగింది. మూడోది నిలబడింది గాని మొదట్లో మట్టి పగిలి, తోస్తే కదులుతోంది.

పక్కింటి పెదనాన్న గొడ్డలి పట్టుకుని సాయానికొచ్చారు. కొమ్మలు కొడుతూ కొడుతూ మొదలు దగ్గర ఆగిపోయి నన్ను పిలిచారు. "ఇలా రా బాబూ, ఇది చూడు." నేను కూర్చుని చూశాను. లేచిన వేర్లన్నీ ఒక బిందె ఆకారంలో ఉన్నాయి. నా బొటనవేలంత లావు వేర్లు గుండ్రంగా ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, తాడు చుట్టినట్టు, ఒక వేరైతే కాండం మొదలునే బిగించేసి అక్కడ నొక్కు పడిపోయింది. ఆ చుట్ట మధ్యలో నల్ల కవరు ముక్క ఇంకా ఉంది, నేను నాటినప్పుడు పూర్తిగా ఊడదియ్యలేదన్నమాట. బయటికి పోయిన వేర్లు నాలుగో అయిదో, అవీ సన్నవి. నాలుగేళ్లు భూమిలో ఉండి కూడా ఆ చెట్టు తన సంచీలోంచి బయటికి రాలేదు. "సంచీలో ఎలా చుట్టుకుందో అలాగే లావైంది గాని పరుచుకోలేదురా, పైన మేడ, కింద పునాది లేదు" అన్నారు పెదనాన్న.

జాతి తేడా కూడా ఉంటుంది కదా, నిమ్మ నీలగిరికి వేరు గట్టిదేమో అని నాకూ అనుమానం వచ్చింది. కానీ పెదనాన్నగారి సాల వెనక కూడా జామాయిల్ ఉంది, అదే 2014లో ఎవరో తోటకి తెచ్చుకుంటే మిగిలిన ట్రే మొక్కలు నాలుగు, జానెడువే, తెచ్చి పెట్టారు. అవి కొమ్మతో పెంచిన క్లోన్ మొక్కలు, వాటికి అసలు తల్లివేరే ఉండదు. అదే గాలికి వాటిలో రెండింటి తలలు విరిగాయి, ఒక్కటీ వేర్లతో లేవలేదు. నా నిమ్మ నీలగిరికి ఒక పెద్ద కొమ్మ పోయింది, ఆకంతా దూసేసినట్టైంది, చెట్టు నిలబడింది. అందుకే తప్పు రకానిది అని నేను అనను, ముదిరిన కవరుదే.

తర్వాత కదిలిపోయిన ఆ మూడోదాన్ని కూడా మోకాలెత్తున కొట్టేశాం. నెల తిరక్కుండానే మోడు చుట్టూ పిలకలు, ఇది జామాయిల్ గుణం, నరికినా చావదు. రెండు పిలకలు ఉంచి మిగతావి తీసేశా, లేత ఆకుల ఈనెల మీద బుడిపెలు వచ్చాయి, చిన్న కందిరీగలాంటి పురుగు గుడ్లు పెడితే వస్తాయవి, 2000 తర్వాతే మన దేశంలోకి వచ్చింది ఆ పురుగు, దాంతో కొంచెం గిడసబారాయి గాని మూడేళ్లకి పందిరి గుంజలకి పనికొచ్చాయి. ఇంటి దగ్గర రెండు మూడు చెట్లు పెట్టి రాయగడ కాగితం మిల్లుకి అమ్ముదాం అనుకునేవాళ్లుంటే మానుకోండి, ఆ కాసిన్ని కర్రలకి లారీవాడు రాడు.

ఇక నిమ్మ నీలగిరి. వానాకాలం ముందు బెరడు పలకలు పలకలుగా ఊడిపోయి కింద నుంచి కొత్త కాండం బయటపడుతుంది, మొదట లేత గులాబీ, తర్వాత తెలుపు, సున్నం కొట్టినంత తెలుపు, చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. తొలకరి పడిన సాయంత్రం పెరడంతా నిమ్మగడ్డి వాసన. అమ్మ నూతి గట్టు మీద కూర్చుని రాలిన ఆకు ఒకటి నలుపుకుంటూ ఉంటుంది. ఈ చెట్టంటే అందుకే నాకు ప్రాణం.

అయినా దాని గురించీ ఉన్నమాట చెప్పాలి. ఇప్పుడు అరవై అడుగులు దాటింది, అయిదు సెంట్ల ఇంటికి ఇది చెట్టు కాదు. కింద గడ్డి తప్ప ఏదీ సరిగ్గా ఎదగదు, బంతి, కనకాంబరం రెండూ వేసి చూశా. ఊడ్చిన ఆకు పొయ్యిలో వేస్తే భగ్గుమంటుంది, అందుకని వేసవిలో చెట్టు కింద ఆకు పోగు పెట్టనివ్వను. రెండేళ్ల కిందట ఏప్రిల్ మధ్యాహ్నం ఆకు కూడా కదలని వేళ, చెయ్యంత లావు కొమ్మ దానంతటదే ఊడి పడింది. అప్పట్నుంచి దాని కింద మంచం వెయ్యనివ్వను, పిల్లల్ని ఆడనివ్వను. కొనేటప్పుడు ఒక గమనిక, 1995లో శాస్త్రవేత్తలు దీన్ని యూకలిప్టస్ నుంచి తీసి కొరింబియా అనే గుంపులో పెట్టారు, చీటీ మీద కొరింబియా సిట్రియోడోరా అని ఉన్నా ఇదే చెట్టు, కంగారు పడకండి.

పెళ్లి డెకరేషన్లో గుండ్రటి వెండి ఆకులు చూసి మా అమ్మాయి సిల్వర్ డాలర్ మొక్క ఆన్‌లైన్లో తెప్పించింది, అది చల్లటి ప్రాంతం చెట్టు, మన ఉక్కకి తట్టుకోలేక రెండో వానాకాలంలో పోయింది. ఊటీలో తైలం తీసేదీ చలికొండల చెట్టే, మన జామాయిల్ అది కాదు. రంగురంగుల బెరడుండే రెయిన్‌బో యూకలిప్టస్ ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, న్యూగినీ వానల అడవులది, నేను పెంచలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను.

ఇప్పుడు మొక్క కొనాలంటే నేను ఎత్తు చూడను. ముందు కవరు తిరగేసి అడుగు చూస్తా. కన్నాల్లోంచి వేర్లు బయటికొచ్చి ఉంటే అక్కడే పెట్టేస్తా. కవరు కొంచెం పక్కకి జరిపి మట్టి గడ్డ చూపించమంటా, వేరు గుండ్రంగా తిరిగుంటే వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. జానెడు మొక్క, తొలకరి పడ్డాక, కవరు బ్లేడుతో పూర్తిగా కోసి తీసేసి నాటాలి. కర్ర కట్టకూడదు, గాలికి ఊగితేనే కాండం, వేరు రెండూ గట్టిపడతాయి. గుంటలో గుప్పెడు వేపపిండి వెయ్యండి, మొదటి రెండేళ్లు చెదలు బాధ ఎక్కువ, మొదలు తినేస్తే మొక్క నిలబడ్డట్టే ఉండి ఒక్కసారి వాడిపోతుంది. 2019లో ఇలాగ నిమ్మ నీలగిరివే మూడు పెట్టాను, ఒకటి చెదలుకే పోయింది, రెండున్నాయి, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫానుకి బాగా ఊగాయి, పడలేదు. తిత్లీ గాలి వేరు, గులాబ్ గాలి వేరు, కాబట్టి అదే గెలుపని నేను అనడం లేదు.

నీళ్ల సంగతి అందరూ అడుగుతారు. పదకొండేళ్లలో మా నుయ్యి ఈ చెట్టు వల్ల దిగిందని నాకు అనిపించలేదు, కానీ మాకు మహేంద్రతనయ నది దగ్గర, వానలు బాగా పడతాయి, పెద్ద చెట్టు ఒక్కటే. కర్ణాటకలో 2017లో కొత్తగా నీలగిరి నాటడమే ఆపేశారు, ఊరికే ఆపరు కదా. మెట్ట నేల, లోతు బోరు ఉన్నవాళ్లు నా మాట పట్టుకుని పెట్టకండి. గోడకి, రేకులకి, కరెంటు తీగలకి చెట్టు ఎంత ఎత్తు ఎదుగుతుందో అంత దూరం ఉంటేనే నిశ్చింత, అంత జాగా నాకూ లేదు, అందుకని గాలి వైపు కొమ్మలు ఏటా సెప్టెంబర్లోగా తీయిస్తున్నా.

అమ్మ గదికి ఇప్పుడు స్లాబు వేయించాం. పడమట జామాయిల్ మళ్లీ పెట్టలేదు, కానుగ పెట్టాను, నీడ నిదానంగా వస్తోంది. పాతపట్నం పిన్ని వాళ్ల దగ్గర నేను కొనిపించిన పొడుగు చెట్టు ఇంకా ఉంది, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి "పిన్నీ, ఆ వైపు గదిలో పడుకోవద్దు" అని చెప్తున్నా. ఈ వేసవిలో వెళ్లి దాన్ని దగ్గరుండి కొట్టించి, ఆ చోట జానెడు మొక్క నా చేత్తో నాటి వస్తా.